అర్థము తెలిసిన అర్థశాస్త్రము

తెలుగున ‘అర్థము’ అను మాటకు రెండు ముఖములు కలవు. ధనమును అర్థమే, మాటలోని భావమును అర్థమే. పరీక్షలు సమీపించు దినములలో అర్థశాస్త్రము వల్లెవేయుచున్న విద్యార్థులను చూచినచో, మొదటి అర్థమును గూర్చిన శాస్త్రము రెండవ అర్థము లేకుండనే కంఠస్థమగుచున్నదేమో యను శంక కలుగును. ఇతర పరిస్థితులు స్థిరముగా నున్నప్పుడు ధర తగ్గినచో డిమాండు విస్తరించును, ధర పెరిగినచో సంకోచించును అను సూత్రమును వారు అక్షరము పొల్లుపోకుండ అప్పగింతురు. ‘అట్లయినచో పెండ్లిండ్ల కాలమున బంగారము ధర పెరిగినను అంగడిలో జనము తగ్గరేల?’ అని అడిగినచో మాత్రము మౌనము వహింతురు. సూత్రము నాలుకపై నున్నది కాని బుద్ధికి అందలేదు.

తెలుగు పాఠము చెప్పుకొనువారికి ఈ శాస్త్రముతో పని యేమి యని కొందరడుగవచ్చును. కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వమును విచారించిన చేతితోనే భారత అర్థశాస్త్రమును గూర్చి తెలుగున రచించిరి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి ఉపాధ్యక్షులైన ఆ విద్వాంసునకు సాహిత్యమును అర్థశాస్త్రమును పరస్పరము అంటరాని విషయములుగా తోచలేదు. పిమ్మట 1968లో నెలకొన్న తెలుగు అకాడమీ, ఇంటర్మీడియెట్ విద్యార్థులకు ఈ శాస్త్రమును తెలుగు పుస్తకములలో అందించినది. ఆ పుస్తకములలోని పారిభాషిక పదములు చాలవరకు సంస్కృత సమాసములు. తెలుగు తరగతిలో విగ్రహవాక్యము చెప్పగలిగిన విద్యార్థియే, అర్థశాస్త్రపు తరగతిలో అట్టి సమాసమును విప్పిచూడక గుళికవలె మ్రింగుచున్నాడు. పునశ్చరణ మనగా చదివినదానిని మరల చదువుట కాదు. మాటను విప్పుట, ఒకదానివలె కనిపించు రెండింటిని వేరుపరచుట, తన ఊరి సంతలో దానిని పరీక్షించుట — ఈ మూడును చేసినప్పుడే అది పునశ్చరణ మగును. సూక్ష్మ అర్థశాస్త్రములోని కొన్ని ముఖ్యభావములను ఈ విధముగా పరిశీలింతము.

సమాసమును విప్పుట

మొదట శాస్త్రము పేరునే చూడుడు. ఈ శాస్త్రమున సూక్ష్మ, స్థూల విభజనమునకు ఆ పేర్లు పెట్టినవాడు నార్వే దేశస్థుడైన రాగ్నార్ ఫ్రిష్, కాలము 1933. ఒక వినియోగదారుడు, ఒక సంస్థ, ఒక వస్తువు ధర — ఇట్టి విడివిడి అంశములను పరిశీలించునది సూక్ష్మము. జాతీయాదాయము, మొత్తము ఉద్యోగిత, సాధారణ ధరల స్థాయి — ఇట్టి సమష్టి అంశములను పరిశీలించునది స్థూలము. సూక్ష్మ మనగా అల్పమైనదని కాదు. దగ్గరకు పోయి చూచునదని భావము.

ఇక విద్యార్థులను మిక్కిలి భయపెట్టు ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రము’. ఉప, అంత అను రెండును కలిసి సవర్ణదీర్ఘ సంధిచే ‘ఉపాంత’ మైనది. క్షీణ, ఉపాంత అను రెండును కలిసి గుణసంధిచే ‘క్షీణోపాంత’ మైనది. ఉపాంత మనగా అంతమునకు దగ్గరిది, అంచున నున్నది. అర్థశాస్త్రమున అది చివరగా చేరిన ఒక్క యూనిటును సూచించును. చివరి యూనిటు వలన కలుగు అదనపు తృప్తి క్రమముగా క్షీణించును అనుటయే సూత్రము. సంధి తెలిసినవానికి నిర్వచనము సగము వచ్చినట్లే.

వేసవిలో ఒకడు మామిడిపండ్లు తినుచున్నాడనుకొందము. మొదటి పండు వలన కలిగిన తృప్తిని 20 అనియు, రెండవదాని వలన 15, మూడవదాని వలన 10, నాలుగవదాని వలన 5, ఐదవదాని వలన సున్న అనియు కొలిచితిమి. ఆరవ పండు వెగటు పుట్టించి 5 తగ్గించినది. ఇప్పుడు మొత్తము ప్రయోజనము వరుసగా 20, 35, 45, 50, 50, 45. పరీక్షలో తప్పులు దొరలునది ఇచ్చటనే. రెండవ పండునుండియే తృప్తి తగ్గెనని వ్రాయుదురు. తగ్గినది ఉపాంత ప్రయోజనము మాత్రమే. మొత్తము ప్రయోజనము పెరుగుచునే యున్నది, కాని తగ్గుచున్న రేటున పెరుగుచున్నది. ఉపాంతము సున్నయైనచోట మొత్తము గరిష్ఠము. ఉపాంతము ఋణాత్మకమైన పిదపనే మొత్తము తగ్గును. ఈ మూడు వాక్యములు పట్టికతో కలిపి చూచినవాడు మరువడు.

ఈ భావమును 1854లోనే జర్మనీ దేశస్థుడైన గోసెన్ తన గ్రంథమున ప్రతిపాదించెను. ఆనాడు దానిని ఆదరించినవారు లేరు. నాలుగేండ్లకే ఆయన మరణించెను. 1871లో జెవన్స్, మెంగర్, 1874లో వాల్రా వేర్వేరు దేశములలో ఇట్టి మార్గమునకే వచ్చిన పిదప, దానికి ముందు నడచినవానిగా గోసెన్ కీర్తి నిలిచెను. 1776లో ఆడం స్మిత్ ప్రస్తావించిన నీరు-వజ్రము చిక్కును విడదీసినదియు ఈ ఉపాంత భావమే. నీరు లేనిదే ప్రాణము నిలువదు. దాని ధర అల్పము. వజ్రము లేకున్నను బ్రదుకు సాగును. దాని ధర అధికము. ధరను నిర్ణయించునది మొత్తము ప్రయోజనము కాదు, చివరి యూనిటు యొక్క ప్రయోజనము. నీరు సమృద్ధముగా నున్నచోట చివరి చెంబు నీటి ప్రయోజనము స్వల్పము. ఎండకాలమున ట్యాంకరు నీటికై బిందెలతో నిలిచిన వీథిని చూచినవారికి ఇది వేరుగ చెప్పవలసిన పనిలేదు: నీరు అరుదైనచోట దాని ధరయు మారును.

డిమాండు వేరు, డిమాండు పరిమాణము వేరు

మన అంగళ్లలో ‘గిరాకి’ అను మాట చిరకాలముగా వాడుకలో నున్నది. ‘ఈ దినము గిరాకి లేదు’ అని వర్తకు డన్నప్పుడు ఊరిజనులకు కోరికలు నశించినవని ఆతని భావము కాదు. చేతిలో డబ్బుతో, కొను మనసుతో వచ్చినవారు లేరని భావము. కోరిక, కొనుశక్తి, కొనుటకు సుముఖత — మూడును కూడినప్పుడే డిమాండు అని పుస్తకము చెప్పుమాటను వర్తకుడు ఒక్క పదమున చెప్పుచున్నాడు.

ఇప్పుడు బంగారము ప్రశ్నకు వత్తము. ధర మారినప్పుడు కొనుగోలు మారుట యొకటి; ధర కాక మరియొకటి మారినప్పుడు కొనుగోలు మారుట వేరొకటి. మొదటిదానిలో మనము అదే డిమాండు రేఖపై పైకో క్రిందికో జరుగుదుము. దీనినే విస్తరణ, సంకోచము లందురు. రెండవదానిలో రేఖయే స్థానము మారి కుడికో ఎడమకో జరుగును; ఇది పెరుగుదల, తగ్గుదల. ఆదాయము, అభిరుచి, ప్రత్యామ్నాయ వస్తువుల ధరలు, జనసంఖ్య, భవిష్యత్తును గూర్చిన అంచనాలు — ఇవి రేఖను జరుపు శక్తులు. పెండ్లిండ్ల కాలమున బంగారమునకు డిమాండు రేఖయే కుడివైపునకు జరుగును. ధర పెరుగుటకు కారణములలో అదియు నొకటి. సూత్రము భంగము కాలేదు. ‘ఇతర పరిస్థితులు’ మారినవి, అంతియే.

‘ఇతర పరిస్థితులు స్థిరముగా నున్నప్పుడు’ అను మాటను విద్యార్థులు అలంకారముగా భావించి విడిచివేయుదురు. వ్యాకరణము చదివినవారికి దీని విలువ తెలియును. సామాన్య విధి వర్తించుటకు ఒక పరిధి యుండును. ఆ పరిధిని చెప్పక సూత్రమును చెప్పినచో అది సూత్రము కాజాలదు. ఆ పరిధిలోను అపవాదము లుండవచ్చును. పేదకుటుంబములలో రొట్టె ధర పెరిగినప్పుడు మాంసము వంటి ప్రియమైన ఆహారమును మానుకొని రొట్టెనే మరింత కొనవచ్చునను విషయమును రాబర్ట్ గిఫెన్ పేరిట మార్షల్ తన గ్రంథపు 1895 నాటి కూర్పున పేర్కొనెను. నేటి పుస్తకములలోని ‘గిఫెన్ వైపరీత్యము’ ఇదియే. బంగారము ఉదాహరణ పరిధి దాటినది. గిఫెన్ ఉదాహరణ అపవాదము. రెండింటిని ఒకే గాట కట్టరాదు.

పటమును గూర్చి ఒక మాట. కారణమైన దానిని అడ్డముగా నున్న అక్షముపై, కార్యమైన దానిని నిలువుగా నున్న అక్షముపై గుర్తించుట గణితశాస్త్రపు అలవాటు. అర్థశాస్త్రమున ధరను నిలువు అక్షముపైనను, పరిమాణమును అడ్డ అక్షముపైనను గుర్తింతురు. మార్షల్ నాటినుండి స్థిరపడిన సంప్రదాయమిది. గణితమున ఆరితేరినవారే ఇచ్చట తడబడుదురు. కావున రేఖ గీయుటకు ముందే అక్షముల పేర్లు వ్రాయు అలవాటు చేసికొనవలెను.

పంట పండిన ఏట రైతు ఎండుట

వ్యాకోచ మనగా వికసనము, విచ్చుకొనుట. ధర తగ్గినప్పుడు కొనుగోలు ఎంతమేరకు విచ్చుకొనునో తెలుపునది ధర డిమాండు వ్యాకోచత్వము. డిమాండు పరిమాణములోని శాతము మార్పును ధరలోని శాతము మార్పుచే భాగించి, ఋణ చిహ్నమును విడిచి చెప్పుదురు. ఒకటికన్న ఎక్కువైనచో వ్యాకోచ డిమాండు, తక్కువైనచో అవ్యాకోచ డిమాండు.

ఈ అధ్యాయమును లెక్కగా మాత్రమే చూచువారు అందులోని బ్రదుకును చూడలేదు. ఒక సంతలో టమాటా కిలో 20 రూపాయల చొప్పున 100 కిలోలు అమ్ముడుపోవుచున్న వనుకొందము. పంట విరివిగా వచ్చి ధర 10 రూపాయలకు పడినది. కొనుగోలు 120 కిలోలకు పెరిగినది. ధర తగ్గుదల 50 శాతము, కొనుగోలు పెరుగుదల 20 శాతము, వ్యాకోచత్వము 0.4. రైతులకు మునుపు వచ్చినది 2,000 రూపాయలు. ఇప్పుడు వచ్చినది 1,200 రూపాయలు. ఎక్కువ పండించి తక్కువ గడించిరి. ధర సగమైనదని ఏ గృహిణియు పప్పులోను, కూరలోను రెండింతల టమాటా వేయదు. నిలువ యుండని సరకు గనుక రైతు ఆగి అమ్ముటకును వీలులేదు. మదనపల్లె వంటి పెద్ద మార్కెట్లున్న ప్రాంతములలో కోతకూలియు రాక పంటను దారిప్రక్కన పారబోయు దృశ్యము మనకు క్రొత్త కాదు. అదే పంట 2023 జూలైలో కొరతపడినప్పుడు దేశములోని అనేక నగరములలో కిలో ధర 100 రూపాయలు దాటెను. సరఫరాలో మార్పు కొంచెము, ధరలో మార్పు కొండంత. అవ్యాకోచ డిమాండు చేయుపని ఇదియే.

మరి రైతులు ఈ సంగతి ఎరుగరా? అట్లయినచో అందరును అదే పంట వేయుదురేల? దీనికి సమాధానము వేరొక అధ్యాయమున నున్నది. సంపూర్ణ పోటీలో వేలమంది అమ్మకందారులలో ఒక్కడు ధరను మార్చలేడు. సంతలో నున్న ధరను స్వీకరింపవలసినదే. సంతలోని మొత్తము డిమాండు అవ్యాకోచమైనను, ఒక్కొక్క రైతునకు ఎదురగు డిమాండు రేఖ అడ్డ అక్షమునకు సమాంతరము. అనగా సంపూర్ణ వ్యాకోచము. తానొక్కడు ఎక్కువ పండించినంత మాత్రమున ధర పడదు. అందరును ఎక్కువ పండించినప్పుడే పడును. ఒక్కొక్కని వివేకము అందరికి నష్టమగుట ఇట్లు సంభవించును. నిరుటి ధరను చూచి ఈ యేడు విత్తుట, ఈ యేటి ధరను చూచి వచ్చు ఏడు మానుట వలన కలుగు ఒడుదొడుకులకు కాల్డర్ 1934లో సాలెగూడు సిద్ధాంతమను పేరు పెట్టెను. రైతు బిడ్డ యైన విద్యార్థికి తన తండ్రి తెలివితక్కువవాడు కాడని నిరూపించు అధ్యాయ మిది. దానిని ఐదు మార్కుల ప్రశ్నగా మాత్రమే చదువుట న్యాయము కాదు.

మరియొక హెచ్చరిక. వ్యాకోచత్వమును రేఖ యొక్క వాలుతో సమానముగా తలపరాదు. సరళరేఖయైన డిమాండు రేఖపై వాలు అంతటను ఒక్కటే. వ్యాకోచత్వము మాత్రము నడిమి బిందువున 1, పైభాగమున 1 కన్న ఎక్కువ, క్రిందిభాగమున 1 కన్న తక్కువ.

సగటు, ఉపాంతము

వ్యయముల పటములో రేఖలు పెక్కు, గందరగోళమును పెక్కు. సగటు వ్యయము తగ్గుచుండగనే ఉపాంత వ్యయము పెరుగుట ఎట్లు సాధ్యమని విద్యార్థులు కలవరపడుదురు. వారి మార్కుల పట్టికయే దీనికి వ్యాఖ్యానము. నాలుగు పరీక్షలలో ఒకని సగటు 60 మార్కులు, మొత్తము 240. ఐదవ పరీక్షలో 50 వచ్చినవి. సగటు 58కి దిగినది. ఆరవ పరీక్షలో 55 వచ్చినవి. మునుపటికన్న మెరుగే. అయినను సగటు 57.5కు దిగినది. చివరి పరీక్ష మార్కు ఉపాంతము; అది పెరిగినను సగటుకన్న తక్కువగా నున్నంత కాలము సగటును క్రిందికి లాగుచునే యుండును. ఏడవ పరీక్షలో 65 వచ్చినచో సగటు 58.5 దాటి పైకి లేచును. కావున ఉపాంత వ్యయరేఖ సగటు వ్యయరేఖను దాని కనిష్ఠ బిందువున క్రిందినుండి ఖండించును. ఇది పటమును చూచి నమ్మవలసిన వింత కాదు. కూడిక, భాగహారము తెలిసినవారికి తప్పని ఫలితము.

స్వల్పకాలము, దీర్ఘకాలము అను మాటలును పంచాంగమునకు సంబంధించినవి కావు. ఒక ఉత్పత్తి కారకమైనను మార్చుటకు వీలులేని వ్యవధి స్వల్పకాలము. అన్నింటిని మార్చుకొనగల వ్యవధి దీర్ఘకాలము. తోపుడుబండిపై ఫలహారములు అమ్మువానికి రెండవ బండి సమకూర్చుకొనుటకు కొన్ని దినములు చాలును. చక్కెర కర్మాగారమునకు క్రొత్త యంత్రశాల నిర్మించుకొనుటకు ఏండ్లు పట్టును. స్థిర వ్యయము లుండునది స్వల్పకాలముననే యను సంగతి దీనినుండి దానంతటదే తేలును.

రెండు అలుగుల కత్తెర

ధరను నిర్ణయించునది డిమాండా, సప్లయియా? కత్తెరలో గుడ్డను కత్తిరించునది పై అలుగా, క్రింది అలుగా యని వాదించుట వంటిదే ఈ వాద మని మార్షల్ ఉపమించెను. ఆయన అర్థశాస్త్ర గ్రంథము వెలువడినది 1890లో. ఒక వస్తువు ధర 10 రూపాయ లైనప్పుడు డిమాండు 100, సప్లయి 40. ధర 25 అయినప్పుడు రెండును 70. ధర 30 అయినప్పుడు డిమాండు 60, సప్లయి 80 అనుకొందము. 25 రూపాయల చోట కొనువారి కోరికయు అమ్మువారి కోరికయు సరిపోయినవి. అది సమతౌల్య ధర. 10 చోట 60 యూనిట్ల కొరత ధరను పైకి నెట్టును. 30 చోట 20 యూనిట్ల మిగులు ధరను క్రిందికి నెట్టును.

ఈ పట్టిక చేతనున్నచో ప్రభుత్వ విధానముల ప్రశ్నలకును భయము లేదు. 10 రూపాయలకు మించి అమ్మరాదని శాసించినచో కొరతయు, దానివెంట వరుసలు, చాటుబేరములును వచ్చును. 30 రూపాయలకు తగ్గరాదని హామీ యిచ్చినచో మిగిలిన సరకును ఎవరో ఒకరు కొనవలెను. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ పనులలో మద్దతు ధరకు ధాన్యము కొనుటయు నొకటి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశపెట్టిన కిలో 2 రూపాయల బియ్యపు పథకము వీనికి భిన్నము. అచ్చట అంగడి ధరపై నిషేధము లేదు. వ్యత్యాసమును ప్రభుత్వము సబ్సిడీగా భరించెను. గరిష్ఠ ధర, కనీస ధర, సబ్సిడీ — మూడింటిని వేరుగా చూపిన జవాబునకు మార్కులు తప్పక లభించును.

చివరి వారమున

పరీక్షకు వారము దినము లున్నప్పుడు క్రొత్త గైడులు వెదకుట వృథా. ఒక నోటుపుస్తకమున ఎడమప్రక్క, కుడిప్రక్క జంటలు వ్రాసికొనుడు: డిమాండు — డిమాండు పరిమాణము, మొత్తము — ఉపాంతము, వాలు — వ్యాకోచత్వము, స్వల్పకాలము — దీర్ఘకాలము, ప్రత్యామ్నాయ వస్తువులు — పూరక వస్తువులు, ఏకస్వామ్యము — ఏకస్వామ్య పోటీ. ప్రతి జంటకును ఒక వాక్యములో భేదమును, మీ ఊరి ఉదాహరణ నొకదానిని చేర్చుడు. పటములను పుస్తకము మూసి గీయుడు. అక్షములకును రేఖలకును పేర్లు మొదట వ్రాయుడు. పటము గీసి దాని క్రింద రెండు మాటలైనను వివరింపకున్నచో అది ముగ్గువలె మిగులును. పిమ్మట ఇంటిలో ఈ శాస్త్రము చదువని వారికి ఒక భావమును పారిభాషిక పదము వాడక చెప్పిచూడుడు. చెప్పలేనిచోట మీ పాఠము మిగిలియున్న దని తెలిసికొనుడు. వేళయు పరిమితమైన వనరే. వచ్చిన పాఠమునే పదిమారులు చదువుట వలన కలుగు ఉపాంత ప్రయోజనము స్వల్పము. ఆ గంటను రాని పాఠమునకు వెచ్చింపకపోవుటయే దాని అవకాశ వ్యయము.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. చివరి దినములలో నోట్సు చెప్పి వ్రాయించుటకన్న, దినమున కొక్క ప్రశ్నను సంతనుండి తెచ్చి తరగతిలో నిలుపుడు. ఉల్లిధర పెరిగినదేల? ఆటో కిరాయి పండుగనాడు హెచ్చునేల? పిల్లలు తమ మాటలలో చెప్పిన పిదప పుస్తకపు మాటను అందింపుడు. అప్పుడు ఆ కఠిన సమాసము వారికి తెలిసిన విషయమునకు పేరుగా వచ్చును గాని, తెలియని విషయమునకు మూతగా రాదు. ఈ పిల్లలలో కొందరు అధికారు లగుదురు, కొందరు వర్తకు లగుదురు, పెక్కుమంది సంచి పట్టుకొని సంతకు పోవువా రగుదురు. ఓటు అడుగవచ్చినవారు ధరలను గూర్చి చెప్పుమాటలను వీరందరును వినవలసినవారే. ఏది నిజము, ఏది నోటిమాట యని ఆనాడు తేల్చుకొనుటకు ఈనాటి పాఠమే వారికి ఆసరా. మార్కుల పట్టిక పెట్టె అడుగున చేరిన పిదపను మాటకు అర్థము తెలిసినవాని వెంట ఆ పాఠము నడచుచునే యుండును.